పేరిందేవి ఎటువైపు?

మా అమ్మమ్మ వాళ్లది గురజాల అవతల ఒక పల్లె. అక్కడ పల్నాటి యుద్ధం కథ పుస్తకాల్లో కంటే జనం నోళ్లలోనే ఎక్కువ బతికింది. పిల్లవాడు పంతం పట్టి అన్నం తిననంటే "ఏందిరా, బాలచంద్రుడివా?" అనేవాళ్లు. ఆడమనిషి నలుగురిలో గట్టిగా మాట్లాడితే చాలు, నాయకురాలని పేరు పడిపోయేది. పొలం గట్టు తగాదాలో రాజీకి పిలిచిన పెద్దమనిషి కూడా "బ్రహ్మనాయుడంతటి వాడికే చేతకాలా, నావల్ల అవుద్దా" అంటూ మొదలుపెట్టేవాడు. పన్నెండో శతాబ్దం చివర్లో జరిగిందంటారు ఆ యుద్ధం. మా వాళ్లు మాత్రం ఆ మనుషులతో ముఖపరిచయం ఉన్నట్టే మాట్లాడేవాళ్లు.

వేసవి సెలవులకి వెళ్తే రాత్రిళ్లు వాకిట్లో మంచాలు వేసి తాతయ్య కథ చెప్పేవాడు. ఆయన పెద్దగా చదువుకోలేదు. కారెంపూడి తిరునాళ్లలో ఆ వీరుల కథ పాడే వీర విద్యావంతుల నోట విని పట్టుకున్న ద్విపద పాదాలు మాత్రం నోటికి వచ్చేవి. శ్రీనాథుడు పల్నాడు మీద చెప్పాడనే చాటువు కూడా చదివేవాడు. సజ్జ జొన్న కూళ్లు, సర్పంబులును తేళ్లు అని మన సీమని ఎత్తిపొడిచిన కవే మన వీరుల కథ రాయకుండా ఉండలేకపోయాడు చూడండి అని మురిసిపోయేవాడు. ఆ మురిపెం నాకూ అంటుకుంది, ఇంకా పోలేదు.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. అనుగురాజు తర్వాత ఆయన కొడుకుల మధ్య రాజ్యం రెండుగా చీలింది. గురజాలలో నలగామరాజు, ఆయన పక్కన మంత్రిగా నాయకురాలు నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయన పక్కన బ్రహ్మనాయుడు. కోడిపందెం పెట్టుకుని, ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలిపోవాలని ఒప్పుకున్నారు. నాగమ్మ కోడి శివంగి డేగ గెలిచింది, బ్రహ్మనాయుడి చిట్టిమల్లు ఓడింది. గడువు తీరాక మా భాగం మాకివ్వండని అలరాజుని రాయబారం పంపారు. భాగం ఇవ్వలేదు సరికదా, తిరుగుదారిలో చర్లగుడిపాడులో ఆయనకి విషం పెట్టారు. ఆ తర్వాత కార్యమపూడి, అంటే ఇప్పటి కారెంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున యుద్ధం. రెండు వైపులా పోగలిగినవాళ్లంతా పోయారు.

తాతయ్యకి ఇందులో కోడిపందెం మీద గానీ యుద్ధం మీద గానీ అంత ధ్యాస ఉండేది కాదు. ఆయన అనపోతు దగ్గర ఆగిపోయేవాడు.

బాలచంద్రుడు బ్రహ్మనాయుడి కొడుకు. చిన్నప్పటి నుంచీ వేర్వేరు కులాల పిల్లలతో కలిసి పెరిగి, వాళ్లందరినీ అన్నదమ్ములనే పిలిచాడు. వాళ్లలో అనపోతు బ్రాహ్మణుడు. తండ్రి యుద్ధానికి వెళ్తూ కొడుకుని ఇంటి దగ్గరే ఉంచాడు. ఒకరోజు బాలచంద్రుడు బొంగరం ఆడుతుంటే అది పోయి ఒకామె కాలికి తగిలింది. మీవాళ్లంతా యుద్ధానికి పోతే నువ్విక్కడ బొంగరాలాడుకుంటున్నావా అని ఆమె దులిపేసింది. ఆ మాటతో కుర్రాడు లేచాడు. తల్లి ఐతమ్మని ఒప్పించాడు, భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకున్నాడు. అన్నదమ్ములంతా కలిసి బయల్దేరారు. దారిలో మాత్రం అనపోతుని ఏదో నెపం చెప్పి వెనక్కి పంపేశాడు. బ్రాహ్మణుణ్ణి యుద్ధంలో చంపించిన పాపం తనకి వద్దనుకున్నాడు. స్నేహితుడు బతకాలనీ అనుకున్నాడు. అనపోతు చెప్పిన పని చేసుకుని పరుగున తిరిగి వచ్చి చూస్తే అక్కడ ఎవరూ లేరు. నన్ను వదిలేసి చావడానికి వెళ్లారని అర్థమైంది. అక్కడే ప్రాణం తీసుకున్నాడు.

ఇక్కడికొచ్చేసరికి తాతయ్య గొంతు మారిపోయేది. "వాణ్ణి బతికించాలనే గదమ్మాయ్ పంపింది. ఆ బతుకు వాడికి అక్కర్లేదు. పక్కన నిలబడనియ్యకపోతే ఇంకేం స్నేహం?" అనేవాడు. నాకప్పుడు పదేళ్లు కూడా ఉండవు. ప్రేమతో చేసిన మోసం ఒకటి ఉంటుందని నేను మొదట విన్నది అక్కడే. శత్రువు కత్తికి పోయినవాళ్ల గురించి తాతయ్య ఎన్ని పాదాలైనా ఒక్క ఊపున చెప్పేవాడు. స్నేహితుడి దయ వల్ల పోయిన ఈ ఒక్కడి దగ్గర మాత్రం మాట తడబడేది.

అమ్మ తీరు వేరు. అనపోతు కథ అయ్యేదాకా ఓపిక పట్టి, "మరి పేరిందేవి సంగతేంది నాన్నా?" అని అడిగేది. ప్రతిసారీ అదే ప్రశ్న. తాతయ్య కొంచెం విసుక్కునేవాడు. "ఆమె సంగతేముంది, మొగుడితో సహగమనం చేసింది, మహాపతివ్రత" అని రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. అమ్మకి అది చాలేది కాదు.

పేరిందేవి అలరాజు భార్య. రత్నాల పేరిందేవి అంటారు. ఆమె నలగామరాజు కూతురు. అంటే అలరాజు రాయబారానికి వెళ్లింది పరాయి కొలువుకి కాదు, అత్తవారింటికే. విషం పెట్టిందీ ఆ కొలువు మనుషులే. "ఆ పొద్దు ఆయన గుర్రమెక్కుతుంటే ఆమె ఏమనుకుని ఉంటది? మా నాన్న దగ్గరికే గదా పోతున్నాడు, ఇంక భయమేంది అనుకోదా?" అనేది అమ్మ. ఈ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అమ్మ ఊహే కావచ్చు. మొగుడి శవం ఒకవైపు, తండ్రి రాజ్యం ఒకవైపు. ఎటు తిరిగినా తన వాళ్లే. ఆ అమ్మాయి ఎవరి పక్షాన నిలబడాలో చెప్పమని అమ్మ అడిగేది. తాతయ్య చుట్ట వెలిగించుకునేవాడు.

అమ్మ ఎందుకంత పట్టుగా అడిగేదో నాకు తెలిసింది ఇంకొన్నేళ్లకి, మా అత్తని చూశాక.

ఆ రోజుల్లో మా అమ్మమ్మ వాళ్ల ఊరు రెండు పార్టీలుగా ఉండేది. పైకి జెండాలు కనిపించేవి గానీ లోపల ఉన్నది రెండు ఇళ్ల మధ్య పాత పగ. టీ కొట్లు కూడా వేరు. మా మేనమామ ఒక ఇంటి వైపు మనిషి. దానికో కారణముంది. పంట పోయి, అప్పు మీదపడి, పొలం చేజారిపోయే స్థితిలో ఆ ఇంటి పెద్దాయన హామీ ఉండి మామయ్యని నిలబెట్టాడు. ఆ మేలు మామయ్య మర్చిపోలేదు. ఆయన మీద ఈగ వాలితే ముందుగా లేచేది మామయ్యే. కేసుల్లో పేరు పడింది, వాయిదాలకి కోర్టు చుట్టూ తిరిగాడు, అయినా ఏనాడూ విసుక్కోలేదు. "ఆయన ఉప్పు తిన్నాం" అనేవాడు. మామయ్య మంచివాడు, మాటంటే మాటే. నాకు సైకిల్ నేర్పింది ఆయనే.

మా అత్త పుట్టిల్లు అదే ఊళ్లో, మూడు వీధుల అవతల. వాళ్లు రెండో పార్టీ.

పెళ్లైనప్పుడు ఊళ్లో ఈ గొడవ ఇంత ముదరలేదు. ముదిరాక అత్త పుట్టింటికి వెళ్లడం తగ్గింది. ఎవరూ వద్దనలేదు. వెళ్తే ఇక్కడివాళ్లు అక్కడ ఏం మాట్లాడావని అడిగేవాళ్లు, అక్కడివాళ్లు ఇక్కడ ఏం అనుకుంటున్నారని అడిగేవాళ్లు. రెండిళ్లలోనూ ఆమెని చూడగానే మాటలు ఆగిపోయేవి. చివరికి వెళ్లడమే మానేసింది. చెరువు దగ్గరో గుడి దగ్గరో తల్లి కనిపిస్తే ఇద్దరూ కాసేపు నిలబడి మాట్లాడుకునేవాళ్లు, ఎవరైనా వస్తుంటే విడిపోయేవాళ్లు.

ఒక వేసవిలో మేమక్కడ ఉండగానే అత్త వాళ్ల నాన్న పోయాడు. తెల్లవారుజామున కబురొచ్చింది. అత్త ఏడవలేదు, చీర మార్చుకుని బయల్దేరింది. అమ్మ వెంట వెళ్లింది. మామయ్య వెళ్లలేదు. వెళ్తే అక్కడ ఏమవుతుందో ఎవరికీ తెలియదు, పైగా తన పెద్దాయనకి ఏమని చెప్పాలి? తాతయ్య ఆయన ఎదురుగా నిలబడి, "ఆయన నీకు పిల్లనిచ్చినోడురా. పాడె దగ్గర కూడా పార్టీనా?" అన్నాడు. మామయ్య తలెత్తలేదు. "మాటిచ్చాను నాన్నా" అన్నాడు. అంతే. ఆ రోజంతా అరుగు మీద నుంచి లేవలేదు, మంచినీళ్లు కూడా ముట్టలేదు. అక్కడ అత్తని ఒకావిడ అందరి ముందూ "నీ మొగుడేడమ్మా?" అని అడిగిందట. అత్త సమాధానం చెప్పకుండా తండ్రి పాదాలు పట్టుకుని కూర్చుందని అమ్మ తర్వాత చెప్పింది.

ఆ వేసవిలో తాతయ్య మళ్లీ కథ చెప్పలేదు. మేమూ అడగలేదు.

మామయ్యని నేను తప్పుపట్టలేను. అత్త పడ్డ బాధని తక్కువ చేసి కూడా మాట్లాడలేను. రెండూ నిజమే. డిగ్రీలో భారతం పాఠం వింటుంటే ఈ చిక్కుముడే మళ్లీ నా ముందుకొచ్చింది. ఉద్యోగపర్వంలో సంధి మాటలు విఫలమయ్యాక కృష్ణుడు కర్ణుణ్ణి పక్కకి పిలిచి పుట్టుక రహస్యం చెప్తాడు. నువ్వు కుంతి పెద్దకొడుకువి, ఇటు వస్తే రాజ్యం నీదే, అయిదుగురూ నీకు సేవ చేస్తారంటాడు. కర్ణుడు రానంటాడు. నన్ను నమ్ముకునే దుర్యోధనుడు యుద్ధానికి దిగాడు, ఇప్పుడు వదిలేస్తే నేనెవణ్ణి అంటాడు. నాకు అంతకంటే గట్టిగా తగిలింది ఆ తర్వాతి మాట. ఈ సంగతి ధర్మరాజుకి చెప్పొద్దు, తెలిస్తే ఆయన రాజ్యం నాకిచ్చేస్తాడు, నాకిస్తే నేను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాను అంటాడు. తను నిలబడ్డ వైపు ధర్మం లేదని ఆయనకి తెలుసు. అవతల గెలవాల్సినవాడు గెలవాలనీ ఉంది. అయినా కదలడు. క్లాసులో మిగతావాళ్లు నోట్సు రాసుకుంటున్నారు. నాకు అరుగు మీద కూర్చున్న మామయ్య కనిపించాడు.

పల్నాటి కథకీ భారతానికీ పోలికలు చాలామంది చెప్తారు. జూదానికి బదులు కోడిపందెం, అరణ్యవాసానికి ఏడేళ్ల వలస, అభిమన్యుడికి బాలచంద్రుడు. కావచ్చు. నాకు మాత్రం తేడాయే ముఖ్యం. భారతంలో మన పక్కన కృష్ణుడు ఉండి ఎవరి వైపు ధర్మం ఉందో చెప్తాడు. పల్నాటి కథలో అలా చెప్పే దేవుడు ఎవరూ దిగిరాడు. మాచర్ల చెన్నకేశవస్వామి గుళ్లో ఉంటాడు, అంతే. తేల్చుకోవాల్సింది మనుషులే. తేల్చుకోలేక చచ్చిపోయారు.

తాతయ్య నన్ను ఒకసారి కారెంపూడి తీసుకెళ్లాడు. కార్తీక అమావాస్యకి మొదలై అయిదు రోజులు జరుగుతుంది ఆ ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కో రోజుకి ఒక్కో పేరు. కథలో ముఖ్యమైన ఘట్టాలని రోజుకొకటిగా మళ్లీ తలుచుకుంటారు. ఊళ్లూళ్ల నుంచి వీరుల ఆయుధాలని కొణతాలు పేరుతో మోసుకొస్తారు. విద్యావంతులు చేత కత్తి పట్టుకుని అడుగులు వేస్తూ పాడుతుంటే జనంలో ఒక్కొక్కరికీ పూనకం వస్తుంది. పక్కన నిలబడ్డ పెద్దాయన ఉన్నట్టుండి వణికిపోతూ ముందుకి ఉరికితే నేను తాతయ్య పంచె గట్టిగా పట్టుకున్నాను. రాయబారం రోజు అలరాజు కథ పాడారు. విషం దగ్గరికి వచ్చేసరికి ముసలివాళ్లు చిన్నపిల్లల్లా ఏడ్చారు. అందరికీ తెలిసిన కథే, ఏటా వినే కథే. ఆ ఏడుపు మాత్రం ఆ పూటదే.

నాకు బాగా గుర్తున్నది మందపోరు రోజు. మంద అంటే పశువుల మంద. బ్రహ్మనాయుడి మందల మీద నాగమ్మ దాడి చేయిస్తే, కాపరి లంకన్న వాటిని వదిలిపెట్టకుండా పోరాడి చనిపోయాడు. రాజ్యంలో అతనికి వాటా లేదు, పందెంలో భాగం లేదు. తన చేతిలో పెట్టిన పశువుల కోసం నిలబడ్డాడు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆ కాపరి కోసం ఒక రోజు కేటాయించిన జనం మీద నాకెంతో గౌరవం.

ఆ రోజే చాపకూడు కూడా. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కలిసి కూర్చుని తినడం బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి అంటారు. పన్నెండో శతాబ్దంలో ఎంత తెగువ కావాలి దానికి! మాల కన్నమదాసుని కొడుకుగా స్వీకరించి సేనలకి నాయకుణ్ణి చేశాడు. అందరూ ఏ గడప దగ్గర ఆపుతారో, ఆ గడప దాటించి కొడుకని పిలిచినవాడి కోసం కన్నమదాసు చివరిదాకా నిలబడ్డాడు. స్వామిభక్తి అనే మాట వింటే నాకు చేతులు కట్టుకుని నిలబడే నౌకరు గుర్తుకురాడు, కన్నమదాసు గుర్తొస్తాడు. తను మనిషినని ఒప్పుకున్నవాడికి ఇచ్చిన బదులు అది. కారెంపూడిలో తాతయ్య పక్కన కూర్చుని తిన్నప్పుడు మా చాప మీద ఎవరెవరున్నారో నాకు తెలియదు. తాతయ్యకి తెలుసు. మా ఊళ్లో ఆయన పక్కన కూర్చుని తినగా నేనెప్పుడూ చూడని మనిషి ఒకాయన అక్కడ ఆయన విస్తరి పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ పప్పు బాగుందని మాట్లాడుకున్నారు. ఊరికి తిరిగొచ్చాక మళ్లీ ఎవరి వీధి వారిదే అయింది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

చాలాకాలం తర్వాత కథని పుస్తకంలో చదివాను. శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చువేయించారు. వాకిట్లో విన్న పాదాలు అచ్చులో కనిపిస్తే ఒళ్లు జలదరించింది. బాలచంద్రుడి పౌరుషం చదువుతుంటే ఇప్పటికీ రక్తం వేడెక్కుతుంది, అది కవి శక్తి. కానీ సంధి మాటలు నడుస్తున్నప్పుడు ఆ కుర్రాడు ఆగి ఉంటే ఎంతమంది బతికేవాళ్లో అని కూడా అనిపిస్తుంది. చిన్నప్పుడు నాకీ ఆలోచన రాలేదు. మా ఊళ్లో కుర్రాళ్లు కేసుల్లో ఇరుక్కుని చదువులు పాడుచేసుకోవడం చూశాక వచ్చింది. వాళ్లని రెచ్చగొట్టినవాళ్లు కూడా పౌరుషం అనే మాటే వాడారు.

పేరిందేవి గురించి ఆ పుటల్లో వెతికాను. ఆమె చేసిన పనిని మెచ్చుకున్న మాటలు దొరికాయి. అమ్మ అడిగిన ప్రశ్న దొరకలేదు.

ఇంక నాగమ్మ మిగిలింది. మా ఇంట్లో ఆమె గురించి ఎప్పుడూ రెండు అభిప్రాయాలే. 1947 సినిమాలో కన్నాంబ, 1966 సినిమాలో భానుమతి ఆ పాత్ర వేశారు. రెండోది అమ్మ టూరింగ్ టాకీసులో చూసిందట. భానుమతి తెర మీదికి రాగానే హాలంతా తిట్టేవాళ్లనీ, ఆమె కళ్లు తిప్పి ఒక్క మాట అనగానే నోరు మూసుకునేవాళ్లనీ చెప్పేది. తాతయ్య దృష్టిలో నాగమ్మ కొంప ముంచిన మనిషి. "మంత్రిగా ఆమె రాజుకి ద్రోహం చేసిందా నాన్నా?" అని అమ్మ ఒకసారి నేరుగా అడిగింది. తాతయ్య ఆలోచించి, "లేదు, ఆ మాటనకూడదు. రాజుని ఏనాడూ వదల్లేదు" అని ఒప్పుకున్నాడు. "మరి కన్నమదాసు నిలబడితే వీరుడు, ఈమె నిలబడితే ద్రోహా?" అంది అమ్మ. విషం సంగతి, మందల మీద దాడి సంగతి తాతయ్య తీశాడు. అది నిజమే, దానికి అమ్మ దగ్గర కూడా జవాబు లేదు. కానీ ఆమె వేసిన ప్రశ్న పోలేదు. మగవాళ్లు రాజ్యాలు నడిపిన కాలంలో ఒక ఆడమనిషి మంత్రి పదవిలో కూర్చుని సేనలు నడిపింది. ఆడది కావడం వల్ల ఆమెకి ఎంత చెడ్డపేరు అదనంగా అంటిందో విడదీసి చూడాలని నాకుంది.

తాతయ్య పోయి చాలా ఏళ్లైంది. మామయ్యని నిలబెట్టిన పెద్దాయన కూడా పోయాడు. ఆయన పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడ్డారు, పార్టీ కూడా మారారు. మామయ్య ఈ సంగతి ఎవరి దగ్గరా ఎత్తడు. అత్త ఇప్పుడు పుట్టింటికి వెళ్లి వస్తోంది, తమ్ముడి పిల్లల పెళ్లిళ్లకి ముందుండి పనులు చేస్తోంది. మొన్నామధ్య నేనూ అమ్మా వెళ్లినప్పుడు పేరిందేవి ప్రస్తావన వచ్చింది. ఆమె మొగుడితో పాటు ఎందుకు వెళ్లిందంటావు అని అమ్మ అత్తని అడిగింది. అత్త కూరగాయలు తరుగుతోంది. "ఏ ఇంటికి పోతది వదినా?" అంది. అమ్మ ఇంకేం అడగలేదు.

నాగమ్మ పెరిగిన ఊరని చెప్పుకునే జిట్టగామాలపాడు గురజాలకి దగ్గరే. అన్నేళ్లు ఆ దారిన తిరిగినా అక్కడ ఎప్పుడూ ఆగలేదు. ఈ కార్తీకంలో కారెంపూడి వెళ్లేటప్పుడు ముందు అక్కడికి వెళ్దామని అమ్మ అంటోంది. అత్త కూడా వస్తానంది.